వానలో, మంచులో పనికొచ్చే కెమెరా

'వెదర్ సీల్డ్' (నీళ్లు, దుమ్ము దిగకుండా అతుకులు మూసినది) అనే మాటకు కంపెనీలన్నీ పాటించే ఒకే ప్రమాణం లేదు. అందుకే ఐపీ రేటింగ్ చూడండి, అంటే దుమ్ము, నీళ్ల నుంచి ఎంత రక్షణో చెప్పే ప్రామాణిక అంకె. ఓఎం సిస్టమ్ కంపెనీ ఓఎం-1 కెమెరా బాడీకి ఐపీ53 ఉంది: దుమ్ము నుంచి రక్షణ, నిలువు నుంచి 60 డిగ్రీల వాలు వరకు పడే జల్లు నుంచి రక్షణ. నీళ్లలో ముంచడానికి మాత్రం కాదు.

బాడీ కన్నా లెన్సే ముందు చూడాలంటాను. లెన్స్ బాడీకి బిగిసే చోట (మౌంట్) చుట్టూ రబ్బరు రింగు లేకపోతే, ఎంత గట్టి బాడీ అయినా నీళ్లు అక్కడి నుంచే దిగుతాయి. కానన్ 17-40 ఎఫ్/4 లాంటి కొన్ని లెన్సులకు ముందు ఫిల్టర్ బిగిస్తేనే సీలింగ్ పూర్తవుతుంది. జూమ్ చేస్తే పొడవు పెరిగే లెన్స్ బయటి గాలిని లోపలికి పీలుస్తుంది, దాంతోపాటు తేమనూ దుమ్మునూ. బరువు మోయగలిగితే పొడవు మారని జూమ్ తీసుకోండి, లేదా ప్రైమ్ (జూమ్ లేని లెన్స్). లెన్స్ ముందు తొడిగే హుడ్ ఎప్పుడూ ఉండాల్సిందే.

వానలో పవర్ బ్యాంక్ తగిలించకండి. పోర్టు మూత తెరిస్తే సీలింగ్ పోయినట్టే.

చాలా కెమెరాలకు కంపెనీ చెప్పే పరిధి 0 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. అంతకన్నా చలిలో ముందు నీరసించేది బ్యాటరీ. స్పేర్‌వి లోపలి జేబులో, ఒంటి వేడికి దగ్గరగా పెట్టుకోండి. అయితే అసలు నష్టం చలిలోంచి వెచ్చని గదిలోకి వచ్చాక జరుగుతుంది: చల్లటి గాజు మీద, లోపలి సర్క్యూట్ల మీద తేమ కడుతుంది. ఫొటోలు చూసుకోవడానికి బయటే మెమరీ కార్డు తీసేసి, కెమెరాను జిప్ సంచిలో గాలి లేకుండా మూసి, గది వేడికి వచ్చేదాకా, అంటే ఒకటి రెండు గంటలు, తెరవకండి.

సముద్రపు తుంపర పడితే ఆరకముందే మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి.