పలుపు మనది, అదృష్టం వాళ్ళది

"ఘాటి సుబ్రహ్మణ్య పశువుల జాతరకు పోవాలి, శుక్రవారం సెలవు కావాలి" అని టీము గ్రూపులో పెడితే, మేనేజరు కంటే ముందు జవాబిచ్చింది మా బెంగళూరు వైట్‌ఫీల్డ్ ఆఫీసుకు మూడు నెలల పనిమీద వచ్చిన ఐర్లండ్ ఆయన. "పశువుల సంతా? మీ దగ్గరా లక్ పెన్నీ ఇస్తారా?" అన్నాడు.

మాది హిందూపురం పక్క పల్లె. సంత గురించి నాకు ఇంకొకరు చెప్పేదేముంది అనుకున్నా. చివరికి టీ రెండుసార్లు చల్లారిపోయింది.

ఆయనది కెర్రీ కౌంటీ. అక్కడ కిల్లార్గ్లిన్ ఊళ్ళో ఆగస్టు 10, 11, 12 తేదీల్లో పక్ ఫెయిర్ జరుగుతుంది. కొండల్లో తిరిగే అడవి మేకపోతును పట్టుకొచ్చి, కిరీటం పెట్టి, ఎత్తైన మంచె ఎక్కిస్తారు. ఆ సంతకు రాజు అదే. మొదటి రోజు గుర్రాలు, రెండో రోజు ఆవులు. ఆ సంతకు అనుమతిస్తూ 1613లో ఇచ్చిన రాజపత్రం కూడా ఉందట.

నాకు మేకపోతు కంటే బేరమే నచ్చింది. టాంగ్లర్ అని ఒక మధ్యవర్తి ఉంటాడు, మన దళారికి తమ్ముడే. కొనేవాడు విసుక్కుని నాలుగడుగులు పోతే చెయ్యిపట్టి లాక్కొస్తాడు. "తేడా చెరిసగం చేసుకోండి" అని ఇద్దరి చేతులూ కలపబోతాడు. అరచేతిలో ఉమ్మి, చెయ్యి చెయ్యి చరిస్తే బేరం ముగిసినట్టే. కొన్న ఆవు వీపున గుర్తుకు ఇంత బురద పూసేవాళ్ళట. ఇదంతా చుట్టూ జనం చూస్తుండగానే.

మా జేజినాయన బేరంలో నోటికి పనే లేదు. తువ్వాలు కింద వేళ్ళే మాట్లాడేవి. పక్కనే నిలబడ్డ నాకూ ధర తెలిసేది కాదు. ఇంటికొచ్చి అవ్వకు చెప్తుంటే వినాలి, అదీ కొంత తగ్గించి చెప్పేవాడు.

ఇంతకీ లక్ పెన్నీ అంటే, అమ్మినవాడు చేతికొచ్చిన సొమ్ములోంచి కాస్త తీసి కొన్నవాడికి తిరిగివ్వడం. పశువుతోపాటు అదృష్టమూ పోవాలని. 1950ల నుంచి వీధి సంతలు చాలావరకు పోయి వేలం యార్డులు వచ్చినా ఈ అలవాటు మాత్రం పోలేదట. మా జేజినాయన దీనికి పూర్తిగా ఎదురు. ఎద్దును అమ్మినా పలుపు ఇచ్చేవాడు కాదు, దాంతో ఇంట్లో లక్ష్మి పోతుందని. కొన్నవాడే కొత్త తాడు తెచ్చుకోవాలి.

పోయిన నెల నా పాత స్కూటర్ అమ్మాను. కొన్నది చిత్తూరు అబ్బాయి. తిరుపతి కీచైన్ మాత్రం తీసి జేబులో వేసుకుని, రెండు వందలు తిరిగి చేతిలో పెట్టా. వాడు నోటు వంకా నా వంకా చూశాడు.

"అన్నా, బండిలో ఏమన్నా లోపముందా?"

మళ్ళీ ఓసారి వీధి చివరిదాకా నడిపి చూసుకున్నాకే కదిలాడు.