తెర మీద ట్యాప్, ఆటలో చోటు

నేను రాస్తున్న చిన్న ఆటలో నేల మీద ఎక్కడ ట్యాప్ చేస్తే అక్కడికి బొమ్మ నడిచి వెళ్లాలి. ట్యాప్ స్థానాన్ని తీసుకుని యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో, తెర మీది చోటును ఆటలోని చోటుగా మార్చే ఫంక్షన్ అయిన స్క్రీన్‌టువరల్డ్‌పాయింట్‌కు ఇచ్చి చూస్తే, తెర మీద ఏ మూల తాకినా ఒకే జవాబు వచ్చింది: ఎక్స్ 0, వై 10, జెడ్ మైనస్ 10. అది కెమెరా ఉన్న చోటు.

కారణం ఇది. ట్యాప్‌లో ఉండేవి రెండు అంకెలే; మూడో అంకె మనం ఇవ్వకపోతే అది సున్నా అవుతుంది. ఆ ఫంక్షన్ మూడో అంకెను కెమెరా చూసే దిశలో ఎంత లోతు అన్న అర్థంలో తీసుకుంటుంది. దూరంగా ఉన్నవి చిన్నవిగా కనిపించే పర్‌స్పెక్టివ్ కెమెరాలో చూపులన్నీ కెమెరా దగ్గరే కలుస్తాయి కాబట్టి, లోతు సున్నా అయితే ప్రతి ట్యాప్ కెమెరా స్థానమే అవుతుంది.

అప్పుడు చాలామంది లోతుగా 10 అని రాసేస్తారు. నా కెమెరా 45 డిగ్రీలు కిందికి వంగి ఉంది. 1080 బై 1920 తెరలో సరిగ్గా నడిమధ్య, అంటే 540, 960 దగ్గర తాకితే, లోతు 10తో వచ్చే బిందువు నేలకు 2.93 ఎత్తున గాలిలో తేలుతుంది. అక్కడ నేలను చేరాలంటే లోతు 14.14 కావాలి. పోనీ 14.14 రాసేద్దామంటే, తెర పైభాగంలో కనిపించే నేల ఇంకా దూరంగానూ, కింది భాగంలోది దగ్గరగానూ ఉంటుంది. అన్నిటికీ సరిపడే ఒక్క అంకె లేదు.

ట్యాప్‌ను బిందువుగా కాక కిరణంగా చూడాలని నేను గట్టిగా చెబుతాను. తెర మీద తాకిన చోటు గుండా వెళ్లే కిరణాన్ని ఇచ్చే ఫంక్షన్ స్క్రీన్‌పాయింట్‌టురే; ఆ కిరణానికి ఒక మొదలు, ఒక దిశ ఉంటాయి. నేల ఎత్తులోంచి మొదలు యొక్క ఎత్తును తీసివేసి, దిశలోని వై భాగంతో భాగిస్తే, కిరణం మీద ఎంత దూరం వెళ్లాలో తెలుస్తుంది. ఆ వై భాగం సున్నా అయితే భాగహారమే కుదరదు, దూరం రుణాత్మకంగా వస్తే నేల కెమెరా వెనక ఉన్నట్టు. ఆకాశం మీద తాకినప్పుడు జరిగేది ఇదే కనుక, ప్లేన్ రేకాస్ట్ (కిరణం ఒక అంతులేని సమతలాన్ని, అంటే ప్లేన్‌ను, తాకుతుందో లేదో చెప్పే ఫంక్షన్) ఫాల్స్, అంటే తాకదు, అని చెబితే ఆ ట్యాప్‌ను వదిలేయాలి. గుట్టలున్న నేలకు కిరణం ఏ కొలైడర్‌కు (వస్తువు తాకిడి హద్దుకు) తగులుతుందో వెతికే ఫిజిక్స్ రేకాస్ట్ తప్పదు, దానికి ఏ వస్తువులను లెక్కలోకి తీసుకోవాలో చెప్పే లేయర్ మాస్క్ పెట్టకపోతే కిరణం నేలను చేరేలోపే బొమ్మ కొలైడర్‌కు తగిలి ఆగిపోవచ్చు. చదునైన నేలకు మాత్రం నేను ప్లేన్‌నే ఎంచుకుంటాను. దానికి కొలైడర్ అక్కర్లేదు, అంచు కూడా లేదు.

మరో ఇంజిన్‌కు మారేవారు ఒకటి గమనించాలి: యూనిటీలో తెర లెక్క కింది ఎడమ మూల నుంచి, గోడోలో పై ఎడమ మూల నుంచి మొదలవుతుంది.

వస్తువును వేలితో లాగేటప్పుడు సమతలాన్ని నేల ఎత్తులో కాకుండా వేలు మొదట తగిలిన బిందువు ఎత్తులో ఉంచి, ఆ బిందువుకూ వస్తువు కేంద్రానికీ మధ్య తేడాను దాచుకోవాలి. ప్రతి ఫ్రేమ్‌లోనూ కొత్త బిందువుకు ఆ తేడాను కలిపితే, వస్తువు పట్టుకున్న క్షణంలో ఎగిరిపడకుండా వేలి కిందే కదులుతుంది.