పో గారి పుట్టినరోజు

బాల్టిమోర్‌లో పొద్దున్నంతా హార్బర్ దగ్గర తిరిగాం. గుర్తున్నది మాత్రం పార్కింగ్ బిల్లే. దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకుని ఉసూరుమంటుంటే, "బావా, అలా లెక్కేస్తే ఇక్కడ మంచినీళ్లు కూడా కొనలేం" అన్నాడు మా బావమరిది.

మధ్యాహ్నం ఆమిటీ స్ట్రీట్‌లో అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో ఇంటికి వెళ్లాం. ఇటుకల ఇల్లు, మనిషి పక్కకి తిరిగి ఎక్కాల్సినంత ఇరుకు మెట్లు. మేనత్త, నాయనమ్మ, మేనత్త కూతురు వర్జీనియాతో కలిసి అందులో ఉండేవాడు. 1833లో ఒక కథకి 50 డాలర్ల బహుమతి వచ్చింది కూడా అక్కడున్నప్పుడే. తర్వాత ఆ వర్జీనియానే పెళ్లాడాడని అక్కడివాళ్లు చెప్పేసరికి పక్కనున్న తెల్లావిడ మొహం చిట్లించింది. మేమిద్దరం నవ్వుకున్నాం. మేనరికమేగా, మా ఇళ్లలో లేనిదా! కానీ 1836లో పెళ్లినాటికి ఆయనకి 27, ఆ పిల్లకి 13. ఆ మాట వినగానే మా నవ్వు ఆగిపోయింది. రిచ్‌మండ్‌లో రాసిన పెళ్లి పత్రంలో మాత్రం అమ్మాయికి 21 నిండాయని సాక్షి ప్రమాణం చేశాడు.

అక్కణ్ణుంచి పో సమాధి ఉన్న వెస్ట్‌మినిస్టర్ శ్మశానం. 1849 అక్టోబరులో ఒక సారా కొట్టు దగ్గర, తనవి కాని బట్టల్లో, ఒళ్లు తెలియకుండా దొరికాడు. నాలుగు రోజులకి ఆసుపత్రిలో పోయాడు. ఎలా పోయాడన్నది ఇప్పటికీ తేలలేదు. డిటెక్టివ్ కథలకి దారి వేసినవాడి చావే తేలని కేసు! మొదట వెనకవైపు, పేరైనా లేకుండా పూడ్చారు. 1875లో ముందు మూలకి మార్చి పాలరాతి స్మారకం కట్టారు.

దాని మీద పుట్టిన తేదీ జనవరి 20 అని చెక్కి ఉంది. ఆయన పుట్టింది 19న. వేలితో అంకెలు తడిమి చూశాను. ఇన్నేళ్లయినా ఎవరూ దిద్దలేదు.

నాకెందుకో హాయిగా అనిపించింది. అమ్మ లెక్కలో నేను వినాయక చవితికి రెండు రోజుల ముందు పుట్టాను. బడిలో వేసేటప్పుడు మాస్టారు జూన్ 1 అని రాసేశారు. పదో తరగతి సర్టిఫికెట్, పాస్‌పోర్టు, వీసా, అన్నిట్లో అదే. విమానాశ్రయంలో ఆఫీసరు తేదీ అడిగితే ఇప్పటికీ ఒక్క క్షణం తడబడతాను.

రాతి అంచు మీద వచ్చినవాళ్లు పెట్టిన పెన్నీలు, అంటే ఒక సెంటు నాణేలు, ఉన్నాయి. స్మారకానికి బడిపిల్లలు పైసా పైసా పోగుచేశారని దానికి గుర్తట. నా జేబులో ఒక్క పావలా డాలరు నాణెం ఉంది. ఇరవై రూపాయల పైమాటే. కాసేపు పట్టుకుని చూసి, మళ్లీ జేబులోనే వేసుకున్నాను.