కొండగుడి పండగ, లెక్కల మాస్టారి డ్రమ్ములు

"బడి నాకేమిచ్చింది" అని రెండు పేజీలు రాయమని పూర్వ విద్యార్థుల కమిటీవాళ్లు అడిగారు. ఆ ప్రశ్నకి కాయర్‌లో పాడినవాళ్లూ నాటకాలు వేసినవాళ్లూ బాగా రాస్తారు. నేను డిసెంబరు 8న వచ్చే మరియమ్మ పండగ గురించీ లెక్కల మాస్టారి గురించీ రాస్తాను. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి కబుర్లు ఎవరికి కావాలంటే వాళ్లు రాసుకోండి.

నవంబరు 29న నవదిన ప్రార్థనలు మొదలు. కేథలిక్ పిల్లలు సాయంత్రాలు జపమాలకి, విశాఖ వన్‌టౌన్‌లో మరియమ్మ గుడి ఉన్న రాస్ కొండ ఎక్కేవారు. అయిదు రహస్యాలు (ఏసు, మరియమ్మల జీవిత ఘట్టాలు), ఒక్కోదానికి ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, చివర త్రిత్వ స్తోత్రం. నీతిశాస్త్రం సెక్షనువాళ్లు, అంటే కేథలిక్కులు కానివాళ్లు, ఆ గంట తమకి ఖాళీ అనుకునేవారు, పాపం. వాళ్లని పండగ నీళ్ల పనికి మాస్టారు లాబ్‌కి పట్టుకుపోయేవారు. నిలువు నామం పెట్టుకునే మనిషికి మరియమ్మ పండగకి వచ్చేవాళ్ల తాగునీళ్ల బాధ్యత ఎందుకిచ్చారని రెక్టర్ ఫాదర్‌ని ఎవరూ అడగలేదు. ఒక పక్క కొండ మీద వెంకన్న, ఇంకో కొండ మీద దర్గా ఉన్న వన్‌టౌన్‌లో అడగాలని తోచదు కూడా.

ఆయన నీళ్ల లెక్క ఇదీ. తాజా బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ మూడో వంతు ఉంటుంది. 30 గ్రాములు తీసి, ముందు కొంచెం నీళ్లతో ముద్దగా నూరి, లీటరు చేసి కదపకుండా ఉంచాలి. అడుగున సున్నం పేరుకున్నాక పైతేట మాత్రమే వంచుకోవాలి. సున్నం కలిస్తే నీళ్లు తెల్లబారతాయి, రుచి చెడుతుంది. ఆ పైతేట ఒక శాతం ద్రావణం. 200 లీటర్ల డ్రమ్ముకి 20 మిల్లీలీటర్లు పోస్తే లీటరుకి ఒక మిల్లీగ్రాము క్లోరిన్ పడుతుంది. పోశాక కనీసం అరగంట ఆగాలి. చారు పోసినట్టు సీసాతో పోసేవాడిమీద పడేవారు: "ఏటిరా అది? కొలిసి పొయ్యి!"

మన ఊళ్లో చిక్కంతా పౌడరుతోనే. సముద్రపు తేమకి విప్పిన పొట్లం వారం తిరక్కుండానే బలం తగ్గిపోతుంది. ముందు సంవత్సరం మిగిలింది దాచి వాడితే వాసన వస్తుంది గాని పని చెయ్యదు. అందుకే ఆయన ముక్కుని నమ్మేవారు కాదు, రంగుని నమ్మేవారు. గొట్టంలో నీళ్లు, ఆర్థోటోలిడిన్ (క్లోరిన్ ఉంటే రంగు తెప్పించే మందు) చుక్కలు, వెంటనే పసుపు రావాలి. ఆలస్యంగా వచ్చిన పసుపుని లెక్కలోకి తీసుకోనిచ్చేవారు కాదు. (ఆ మందు ఇప్పుడు పిల్లల చేతికివ్వరు. డీపీడీ బిళ్లలు వచ్చాయి, గులాబీ రంగు వస్తుంది.)

నిమ్మకాయల సంగతి మన బ్యాచ్‌కి చెప్పక్కర్లేదు. మందు వాసన వస్తోందని డ్రమ్ములో నిమ్మకాయలు పిండిన ఆ మహానుభావుడు ఇప్పుడు మన కోశాధికారి. నిమ్మరసంలోని విటమిన్ సి క్లోరిన్‌ని చంపేస్తుంది, గొట్టంలో పసుపు చుక్క కూడా రాలేదు. డ్రమ్ము మొత్తం కాళ్లు కడుక్కోవడానికి పోయింది. వాసనకి అసలు విరుగుడు, ముందురోజు రాత్రే మందు కలిపి, పల్చటి గుడ్డ కట్టి వదిలెయ్యడం. తెల్లారేసరికి ఘాటు తగ్గుతుంది. పొద్దున్న మళ్లీ రంగు చూసి, లీటరుకి 0.2 మిల్లీగ్రాముల కన్నా తగ్గిందంటే కొద్దిగా కలపాలి.

డ్రమ్ములో గ్లాసు ముంచకూడదు, కాడగరిటెతోనే తియ్యాలి. చెయ్యి మునిగితే రాత్రి కలిపిన మందంతా ఆ చేతి మురికికే ఖర్చయిపోతుంది. నీళ్ల బల్ల కొండ దిగే దారిలో పెట్టాలి. ఎక్కేవాళ్లు మొక్కు ధ్యాసలో ఉంటారు, తాగరు. వాళ్లకి అడ్డంగా బల్ల వేస్తే వరస ఆగిపోయి తోపులాట అవుతుంది.

తాగనివాళ్లలో ఇంకో రకం ఉండేవారు. ముసలమ్మలు సత్ప్రసాదం (పూజలో గురువు ఇచ్చే అప్పం) తీసుకునేదాకా నీటిచుక్క ముట్టేవారు కాదు, ఎండలో కళ్లు తిరిగి కూలబడేవారు. అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా కూడదన్నది పాత నియమం. 1953లోనే పన్నెండో పయస్ పాపుగారు (పోప్) నీళ్లకి అడ్డు తీసేశారు. 1964లో ఆరో పౌలు పాపుగారు ఉపవాసాన్నే గంటకి తగ్గించారు. ఇదంతా జ్ఞానోపదేశం (మతపాఠాల) క్లాసులో మనవాళ్లు బట్టీపట్టిందే, బల్ల దగ్గర ఒక్కడికీ గుర్తు రాలేదు. నామం పెట్టుకున్న మాస్టారే వెళ్లి విచారణ గురువుల్ని (ఆ గుడి ఫాదర్‌ని) అడిగి, మైకులో చెప్పించారు. ఆ తర్వాత కూడా "నీళ్లకి దోషం లేదు మామ్మా, ఫాదర్‌గారే చెప్పారు" అని ఒక్కొక్కరికీ చెప్పి తాగించాల్సి వచ్చేది.

కొవ్వొత్తుల డ్యూటీ గురించి క్లుప్తంగా. పిడికెడు ఎడం లేకుండా గుచ్చితే ఒకదాని వేడికి ఒకటి కరిగి పళ్లెం మొత్తం భగ్గుమంటుంది. నేల మీద పడ్డ మైనం మీద వేణ్నీళ్లు పొయ్యకూడదు, పరుచుకుని ఇంకా జారుతుంది. గట్టిపడనిచ్చి చెక్కముక్కతో గీకాలి. భక్తులు చూస్తుండగా వాళ్ల వత్తి ఆర్పారో, అయిపోయారే! ముక్కలన్నీ వేడినీళ్ల గిన్నెలో డబ్బా పెట్టి కరిగించేవాళ్లం, నేరుగా మంట మీద ఎప్పుడూ కాదు. మళ్లీ పోసిన వత్తులు హాస్టలుకి.

తపస్సుకాలంలో (ఈస్టరుకి ముందు నలభై రోజులు) పిల్లలు రోజూ పిడికెడు బియ్యం దానానికి వేసే డబ్బాలు కూడా ఆయనవే. పిల్లల పిడికిలికి 30 గ్రాములు, నలభై రోజులకి కేజీ పైన. పాత బియ్యం, కొత్త బియ్యం, రేషను బియ్యం మూడు వేరు సంచుల్లో పోయించేవారు. కలిపి వండితే కొత్తవి ముద్దయ్యేసరికి పాతవి పలుకుమీద ఉంటాయి. వృద్ధాశ్రమంలో పళ్లులేనివాళ్లకి ఆ పలుకే కష్టం. దానం చేసేవాడు తినేవాడి నోరు చూడాలని ఆయన పట్టు. ప్రార్థనకి ఆలస్యమైతే ఫాదర్ క్షమించేవారేమో గాని, పురుగుపట్టిన డబ్బాకి మాస్టారి దగ్గర క్షమాపణ లేదు.

మనవాళ్లు బాగానే ఉన్నారు. ఒకడు ఓడల మీద చీఫ్ ఇంజనీరు, ఇద్దరు డాక్టర్లు, మనం గొడుగు అని పిలిచేవాడు మాత్రం ఫాదరయ్యాడు (అప్పుడే తెలిసిపోయింది కదా). నేను నీటి సరఫరాలో ఇంజనీరుగా చేసి దిగాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి కరెంటు పోయి, ఊరు ట్యాంకర్ల మీద పడ్డప్పుడు, 5,000 లీటర్లకి ఒక శాతం ద్రావణం 500 మిల్లీలీటర్లని కుర్రాళ్లకి నోటి లెక్కన చెబితే వాళ్లు కాలిక్యులేటరు తీశారు. సరిపోయింది.

కమిటీ ఈ డిసెంబరులో మన బ్యాచ్ పేరున నీళ్ల బల్ల పెడదామంటోంది. డ్రమ్ములు అద్దెకి తెచ్చేటప్పుడు రంగులవీ రసాయనాలవీ వద్దు, తిండిసరుకులకి వాడినవే తేవాలి. పౌడరు 7వ తేదీన కొనండి, పొట్లం విప్పకుండా నాకివ్వండి. కోశాధికారిని గ్లాసులు కడిగే వైపు నిలబెట్టండి.