సూది కొత్తదే, సీసా సంగతి అడగండి

బెంగళూరు మారతహళ్లిలో మా టాటూ షాపుకి వచ్చేవాళ్లలో సగం మంది తెలుగు పిల్లలే. కుర్చీలో కూర్చోగానే అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, సూది కొత్తదే కదా?" కొత్తదే. వాళ్ల ముందే కవరు చింపుతాను, ఎక్స్‌పైరీ తేదీ కూడా చూపిస్తాను. పక్కనున్న స్ప్రే సీసా గురించి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు.

గీత గీస్తుంటే రక్తం, ఇంకు కలిసి ఊరుతుంటాయి. అదే గ్లోవ్‌తో సీసా పట్టుకుని సబ్బునీళ్లు కొట్టి తుడుస్తాం. పని అయ్యాక సూది పారేస్తాం, గ్లోవ్ పారేస్తాం. సీసా మాత్రం తర్వాతి మనిషికీ అదే. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం 7 రోజులు బతికే ఉంటుంది. మరక కంటికి కనిపించాలని కూడా లేదు.

ఆ మధ్య పని నేర్చుకుంటానని ఒక మదనపల్లె కుర్రాడు చేరాడు. క్రాస్ కంటామినేషన్, అంటే ఒకచోటి క్రిములు ఇంకోచోటికి అంటడం అని ఎన్నిసార్లు చెప్పినా తలూపేవాడే తప్ప ఒంటబట్టేది కాదు. ఒకరోజు ప్రాక్టీస్ స్కిన్ (గీతలు నేర్చుకునే నకిలీ చర్మం) ముందు కూర్చోబెట్టి, వాజెలైన్‌లో కుంకుమ కలిపి గ్లోవ్ వేళ్లకు రాశాను. గంట తర్వాత చూద్దుము కదా, సీసా మెడ, లైటు స్టాండు, వోల్టేజి నాబు, సొరుగు పిడి, టిష్యూ రోలు, కుర్చీ కింద లీవరు, ఆఖరికి వాడి చెవి! చెవి చూశాక నాకు నవ్వాగలేదు. "ఫోన్ మాత్రం ముట్టుకోలేదన్నా" అన్నాడు. ఫోన్ కవరు వెనక రెండు వేళ్ల ముద్రలు ఎర్రగా ఉన్నాయి.

ఆ రోజుతో మా షాపులో ఆ ఇంగ్లీషు మాట బంద్. ఎంగిలి అంటున్నాం. మడి అని కూడా అనొచ్చు గానీ, మనుషుల్నే దూరం పెట్టిన మాట అది, నా నోటికి రాదు. తింటున్న చేయి ఆవకాయ జాడీలో పెట్టకూడదని మా హిందూపురంలో చిన్నపిల్లలకీ తెలుసు. ఇదీ అంతే. చర్మం ముట్టిన గ్లోవ్ ఎంగిలి చేయి. అది ముట్టేది ఏదైనా ముందే ప్లాస్టిక్ తొడుగులో ఉండాలి. మెషీన్, వైరు, సీసా, అన్నిటికీ తొడుగే, మనిషి మారితే తొడుగూ మారాలి. వాజెలైన్ కావలసినంత ముందే పుల్లతో తీసి పెట్టుకోవాలి. చిన్న మూతల్లో పోసిన ఇంకు మిగిలితే పారబోయడమే. ఎంత ఖరీదైన ఎరుపైనా తిరిగి సీసాలోకి పోయకూడదు. మొదట్లో నాకూ ప్రాణం ఉసూరుమనేది.

నీళ్ల దగ్గర ఇంకా టెన్షన్. ఈ ఊళ్లో కుళాయిలో వచ్చేది చాలాచోట్ల ట్యాంకర్ నీళ్లో, బోరు నీళ్లో. క్యాన్ నీళ్లతో ఇంకు పలచన చేసేవాళ్లని కళ్లారా చూశాను. తాగే నీళ్లు వేరు, క్రిములే లేని స్టెరైల్ నీళ్లు వేరు. అమెరికాలోని రోచెస్టర్‌లో 2011లో 19 మందికి టాటూ మీద మానని దద్దుర్లు వచ్చాయి. తేలిందేమిటంటే, ముందే కలిపి అమ్మిన బూడిదరంగు ఇంకులోనే మైకోబాక్టీరియా అనే క్రిమి ఉంది. అక్కడ సూది తప్పేం లేదు.

నేను మొదట పనిచేసిన చోట నీలిలైటు పెట్టె ఒకటి ఉండేది. స్టీలు గ్రిప్పులు, అంటే మెషీన్‌కి మేము పట్టుకునే గొట్టాలు, అందులో పడేస్తే స్టెరిలైజ్ అయినట్టే లెక్క. ఆ వెలుగు గొట్టం లోపలికి ఎలా పోతుందని నేనూ అడగలేదు. గ్రిప్పు ముందు బ్రష్‌తో రుద్ది కడగాలి, తర్వాత పౌచ్‌లో పెట్టి ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో ఉంచాలి. పౌచ్ మీద గుర్తు రంగు మారితే వేడి తగిలిందని మాత్రమే అర్థం. క్రిములు నిజంగా చచ్చాయో లేదో, మొండి బాక్టీరియా బీజాల్ని లోపల పెట్టి చూసే స్పోర్ టెస్టులోనే తెలుస్తుంది. ఇప్పుడు నేను వాడి పారేసే గ్రిప్పులకే మారిపోయాను. ఖర్చు ఎక్కువే, రాత్రి నిద్ర పడుతుంది.

ఇక ఫోన్. ఒకప్పుడు నేనూ పని మధ్యలో గ్లోవ్‌తోనే ఎత్తేవాణ్ని, అదే ఫోన్ ఇంటికెళ్లాక మా అక్క కూతురి చేతిలో ఉండేది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇప్పుడు పని మొదలుపెడితే ఫోన్ సొరుగులోకి పోతుంది. అమ్మ మధ్యాహ్నం నాలుగుసార్లు చేస్తుంది. సాయంత్రం నేను తిరిగి చేస్తే మొదటి మాట అదే: "ఏంరా, ఆపరేషన్ అయిపోయిందా డాక్టరు గారూ?"