ఆ రాత్రి నర్సమ్మ అడిగిన ప్రశ్న

భయం తగ్గింది, కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. 2024 వానాకాలంలో హనుమకొండలో ముసురు పట్టినప్పుడు మా వీధి నల్లాలో నీళ్ళు మట్టిరంగులో, నీచువాసనతో వచ్చాయి. మా పైపు మురికికాలువను ఆనుకునే వస్తుంది. ఆ నీళ్ళు వాడిన ఇళ్ళన్నిటా వాంతులు, మోషన్లు మొదలయ్యాయి. మిగిలినవారికి త్వరగానే తగ్గాయి. షుగరూ బీపీ రెండూ ఉన్న నాకు మాత్రం చలిజ్వరం వచ్చి, విరేచనంలో జిగటతో పాటు నెత్తుటి చారలు కనిపించాయి.

మా ఆయన మందుల షాపుకు వెళ్ళారు. జ్వరముందా, నెత్తురు పడుతోందా, మనిషి వయసెంత, రోజూ ఏ గోలీలు వేసుకుంటారు అని షాపతను ఒక్కమాట అడగలేదు. మోషన్లు కట్టడానికి లోపెరమైడ్ గోలీలూ, ఓఆర్ఎస్ అని పెద్దక్షరాలతో అచ్చువేసిన ఆపిల్ రుచి డబ్బాలూ ఇచ్చి పంపాడు. లోపెరమైడ్ పేగుల కదలికను మందగింపజేస్తుంది. పెద్దవాళ్ళకు వచ్చే మామూలు నీళ్ళ విరేచనాలకు అది పనికివస్తుంది. జ్వరమూ నెత్తురూ ఉన్నప్పుడు వేసుకుంటే, బయటికి పోవలసిన క్రిములు, వాటి విషం పేగులోనే నిలిచిపోయే ప్రమాదం ఉంది. చిన్నపిల్లలకైతే ఆ గోలీ అసలే ఇవ్వకూడదు. నాకు సాయంత్రానికి మోషన్లు నిలిచాయి, ఇంట్లో అందరూ సంతోషించారు, కానీ కడుపు డప్పులాగా ఉబ్బి వాంతులు రెట్టింపయ్యాయి.

"నీళ్ళు తాగుతనే ఉన్నవు, అందుకే కక్కుతున్నవు వదినె, జర కడుపు ఎండవెట్టు" అని మా ఆడపడుచు నా చేతిలోని గ్లాసు తీసేసింది. ఆమె మీద నాకు కోపం లేదని చెప్పలేను. కానీ నేను పాడుచేసిన బట్టలన్నీ ముక్కు మూసుకోకుండా ఉతికింది, నా తల పట్టుకుని రాత్రంతా కూర్చున్నది కూడా ఆమెనే.

మరునాడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. రక్తపరీక్షలు, ఈసీజీ, సెలైను అన్నీ అయ్యాయి. మా ఆయన కంగారుగా ఏదో అడగబోతే డ్యూటీ డాక్టరు నవ్వుతూ, "మోషన్లకు ఎవరన్న చస్తరా సార్? మేడం జర ఎక్కువ భయపడుతున్నరు" అని వెళ్ళిపోయారు. ఆ మాట మంచం మీద నుంచి నేను విన్నాను. విరేచనాలతో చనిపోయే చిన్నపిల్లలు ఈనాటికీ ఏటా లక్షల్లో ఉన్నారు. వారిని చంపేది చాలావరకు ఒంట్లోంచి పోయిన నీరు, ఉప్పు తిరిగి చేరకపోవడమే. ఈ సంగతి నేను బడిలో పాఠంగా చెప్పినదాన్ని.

ఆ రాత్రే కాలి పిక్కలు పట్టేశాయి. నాలుక అంగిలికి అంటుకుపోయి మాట పెగలలేదు. కళ్ళ ముందు గోడ ఊగుతోంది. ఎక్కుతున్న సెలైను చుక్క చుక్కగా, ఏదో నామమాత్రంగా పడుతోంది. అప్పుడు వచ్చింది ఆ నర్సు, ములుగు వైపు అమ్మాయి. నా పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలింది. అది వెంటనే సర్దుకోకుండా మడత పడి అట్లాగే నిలబడింది. "అమ్మా, ఒంటికి ఎప్పుడు పోయిన్రు?" అని అడిగింది. పొద్దుటి నుంచి మూత్రానికి పోలేదని అప్పుడే నాకు గుర్తుకొచ్చింది. అంతమంది చూశారు, ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. తరువాత మా ఆయన సంచి విప్పించి నా గోలీలు చూసింది: టెల్మిసార్టన్‌తో మూత్రం ఎక్కువ చేసే మందు కలిసిన బీపీ గోలీ, షుగరుకు మెట్‌ఫార్మిన్. వేళ తప్పకూడదని ఆ సాయంత్రం కూడా ఆయన నాతో వేయించారు. ఒంట్లో నీరు లేనప్పుడు ఆ బీపీ గోలీ కిడ్నీలను దెబ్బతీయగలదని, మెట్‌ఫార్మిన్ ఒంట్లో ఆమ్లం పేరుకునేలా చేయగలదని మాకు ఇన్నేళ్ళలో ఏ డాక్టరూ చెప్పలేదు. ఆ అమ్మాయి పెద్ద డాక్టరును నిద్రలేపించింది. ఆయన వచ్చి రింగర్ లాక్టేట్ అనే లవణాల సెలైను వేగంగా ఎక్కించి, ఆ గోలీలు ఆపించారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుకు రెట్టింపు దాటి 3.4 ఉందని తెల్లవారుజామున తెలిసింది.

వాంతికి ఒండాన్‌సెట్రాన్ ఇంజక్షన్ ఇచ్చారు. పేగుల నుంచి మెదడుకు వాంతి కబురు మోసే సెరటోనిన్‌ను అది అడ్డుకుంటుంది. నెత్తుటి విరేచనం కనుక అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు; వైరస్ వల్ల వచ్చే వాటికి ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదని, ఊరికే వాడితే మేలుచేసే క్రిములు కూడా చస్తాయని పెద్ద డాక్టరు ఓపికగా చెప్పారు. వాంతి ఆగాక అసలు మందు మొదలైంది, అది లీటరు నీటిలో కలిపిన ఓఆర్ఎస్ పొడి. లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితో పొటాషియం క్లోరైడ్, సిట్రేట్. పేగు ఎంత నీరు కారుస్తున్నా, గ్లూకోజు తోడుంటే ఉప్పును లోపలికి లాక్కుంటుంది, ఉప్పు వెంట నీరు పోతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహలనబిస్ కలరా రోగులకు తాగించి బతికించింది ఇట్లాంటి నీటితోనే.

షాపతను ఇచ్చిన ఆపిల్ డబ్బాలో చక్కెర అంతకు ఎన్నో రెట్లు. అంత తీపి పేగులోకి ఇంకా నీటిని లాగుతుంది. హైదరాబాదులోని పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడిన ఫలితంగా, 2025 అక్టోబరులో అట్లాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అనే మాట రాయకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ఆ వార్త చదివి నేను ఏడ్చాను.

మా ఆయన భద్రకాళి అమ్మవారికి మొక్కుకున్నారు, వెళ్ళి తీర్చుకున్నాము. ఆ నర్సు రూపంలో అమ్మే వచ్చిందని ఆయన నమ్మకం, నాదీ అదే. షుగరు, బీపీ ఉన్నవారు మాత్రం వాంతులు, మోషన్లు పట్టుకున్నప్పుడు ఏ గోలీ ఆపాలో, ఏది ఆపకూడదో మీ డాక్టరును ముందే అడిగి రాసిపెట్టుకోండి. ఇన్సులిన్ వంటిది సొంతంగా ఆపితే అది వేరే ప్రమాదం.

ఇంటికి పంపేటప్పుడు ఆ డ్యూటీ డాక్టరు మళ్ళీ కనిపించి, "చూసిన్రా మేడం, ఏం కాలే గద" అన్నారు. అప్పుడు నోరు లేవలేదు, ఇప్పుడు చెబుతున్నాను. డాక్టరు గారూ, అయింది. క్రియాటినిన్ మామూలు స్థాయికి దిగేసరికి బతుకమ్మ పండుగ కూడా దాటిపోయింది, ఇవాళ్టికీ మూడు నెలలకొకసారి కిడ్నీ పరీక్షకు వెళుతున్నాను. మీరు ఆ రోజు అడగవలసిన ప్రశ్న అడిగి ఉంటే ఇంతవరకు వచ్చేది కాదు.