నొప్పి తగ్గాక తీసిన ఈసీజీ

ఛాతీ నొప్పితో వచ్చినవారి ఈసీజీ చేతికందగానే, పైన మెషీన్ అచ్చువేసిన మాటను మడిచి వెనక్కి పెడతాను. ‘నార్మల్’ అని ఒకసారి కంటబడిందా, కన్ను వెతకడం మానేస్తుంది. నేను ముందు చూసేది పేరు, టైము. వాటి పక్కన పెన్నుతో ఇంకో ముక్క రాయిస్తాను: తీసేటప్పుడు నొప్పి ఉందా, పోయిందా? అది లేకపోతే కింద చెప్పబోయే గీతల్లో సగం అర్థం కావు.

స్పీడు సెకనుకు 25 మిల్లీమీటర్లు, ఎత్తు మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్లు ఉండాలి. ఎత్తు సగానికి పెట్టి తీస్తే ఎస్‌టీ (గుండె కొట్టుకున్న మొనలకూ, తర్వాతి అలకూ మధ్యనున్న గీత) పెరుగుదలా సగానికి కుంగిపోతుంది. ఒకటో లీడ్ (గుండెను ఒక్కో కోణం నుంచి చూపే గీతను లీడ్ అంటాం) తలకిందులై, ఏవీఆర్ అనే లీడ్ నిటారుగా ఉంటే చేతుల వైర్లు తారుమారయ్యాయన్న అనుమానం రావాలి. ఛాతీ మీద అంటించే వీ1, వీ2 లీడ్లు నాలుగో పక్కటెముకల సందులో ఉండాలి. తొందరలో రెండో సందులో అంటిస్తే లేని జబ్బు కనిపిస్తుంది, టి తరంగం (ఎస్‌టీ తర్వాత వచ్చే గుండ్రటి అల) ఊరికే తిరగబడుతుంది.

పక్కపక్క లీడ్లు రెండింటిలో ఎస్‌టీ 1 మిల్లీమీటరు లేస్తే గుండెపోటు కింద లెక్క. వీ2, వీ3లకు మాత్రం హద్దు వేరు: 40 ఏళ్లు, ఆపైన మగవారికి 2, అంతకన్నా చిన్నవారికి 2.5, ఆడవారికి 1.5. ఈ లెక్క అందరికీ కంఠతా వచ్చు. కానీ గీత అక్కడికి చేరేసరికి రక్తనాళం మూసుకుపోయి ఉంటుంది. నేను వెతికేది అంతకుముందు మెట్టు.

టి తరంగాన్ని విడిగా కొలవను, పక్కనున్న క్యూఆర్‌ఎస్‌తో (గుండె కొట్టుకున్నప్పుడు వచ్చే మొనల జట్టు) పోలుస్తాను. క్యూఆర్‌ఎస్ 5 చిన్న గడులే ఉండి టి 8 గడులు లేచి, అడుగు వెడల్పుగా గుమ్మటంలా ఉందంటే ఎస్‌టీ ఇంకా కదలకపోయినా కంగారు పడాల్సిందే. పొటాషియం పెరిగినప్పుడు కూడా టి లేస్తుంది గానీ, దాని అడుగు ఇరుకు, మొన సూదిలా ఉంటుంది. గుండె కింది గోడ సంగతి ముందుగా చెప్పేది ఏవీఎల్ లీడ్: మూడో లీడ్ పైకి లేవకముందే ఇక్కడ ఎస్‌టీ కాస్త దిగుతుంది. వీ1 నుంచి వీ3 దాకా ఎస్‌టీ దిగి, టి నిటారుగా ఉంటే వీపు మీద వీ7, వీ8, వీ9 అంటించి చూడాలి. అక్కడ అర మిల్లీమీటరు లేచినా చాలు, వెనక గోడకు దెబ్బ తగులుతున్నట్టే.

అన్నిటికంటే ఎక్కువగా కంటికి చిక్కకుండా జారిపోయేది, వెలెన్స్ అనే డాక్టరు పేరుతో పిలిచే వెలెన్స్ గుర్తు. నొప్పి తగ్గి, మనిషి హాయిగా కూర్చుని ఉన్నప్పుడే అది కనిపిస్తుంది. వీ2, వీ3 దగ్గర కాగితాన్ని కంటికి దగ్గరగా పెట్టుకోండి. టి మొదట పైకి లేచి, చివర్లో ఆధార గీత కిందికి మునుగుతుంది. ఎక్కువమందిలో మాత్రం పూర్తిగా తిరగబడి, రెండు వైపులా సమానంగా లోతుగా దిగి ఉంటుంది. ఆర్ తరంగం (క్యూఆర్‌ఎస్‌లో పైకి లేచే మొన) చెక్కుచెదరదు, క్యూ (దానికి ముందు కిందికి దిగే మొన) ఉండదు. ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) మామూలుగానో, ఆవగింజంత ఎక్కువగానో వస్తుంది. గుండె ముందు గోడకు రక్తమిచ్చే ఎల్‌ఏడీ నాళం పైభాగంలో కాసేపు మూసుకుని మళ్లీ తెరుచుకుందని దాని అర్థం. 1982లో ఈ గుర్తును వివరించినప్పుడు, ఆపరేషన్ చేయని 16 మందిలో 12 మందికి కొద్ది వారాల్లోనే ముందు గోడకు పెద్ద గుండెపోటు వచ్చింది. ఇలాంటివారిని ట్రెడ్‌మిల్ ఎక్కించకూడదు, నేరుగా యాంజియోగ్రామ్‌కే పంపాలి. ఎడమ గది గోడ మందమైనా, ఊపిరితిత్తుల నాళంలో గడ్డ పడినా టి తిరగబడుతుంది కాబట్టి పాత ఈసీజీ దొరికితే పక్కన పెట్టి చూడటం మేలు.

మొదటి ఈసీజీ మనిషి వచ్చిన 10 నిమిషాల్లోపు తీయాలి. అది బాగానే ఉన్నా నొప్పి తగ్గకపోతే ఇంటికి పంపే మాటే లేదు. మొదటి గంటలో 15 నుంచి 30 నిమిషాలకోసారి మళ్లీ తీస్తాను. స్టిక్కర్లు పీకనివ్వను. వేలెడు జరిగినా గీత మారుతుంది, అది జబ్బు మార్పో స్టిక్కర్ మార్పో తేలదు.

ఇక్కడే ఇంకో ఉచ్చు. వెలెన్స్ గుర్తున్న మనిషికి నొప్పి మళ్లీ మొదలైతే తిరగబడ్డ టి నిటారుగా లేస్తుంది. పొద్దుటి కాగితం చూడనివారికి గీత బాగుపడినట్టే ఉంటుంది. నిజానికి నాళం మళ్లీ మూసుకుంటోంది. రెండు కాగితాలూ పట్టుకుని యాంజియోగ్రామ్ చేసే క్యాథ్ ల్యాబ్‌కి ఫోన్ చేయాల్సింది అప్పుడే, ఎస్‌టీ లేచేదాకా ఆగి కాదు.